తల్లుల చేతికి వాక్యం ఇవ్వండి

తెలుగు క్రైస్తవ సంఘాల బిషప్పులకు, పాస్టర్లకు, సంఘ పెద్దలకు,

మే నెల రెండో ఆదివారం, మదర్స్ డే, దగ్గర పడుతోంది. ఆ రోజు మన గుడుల్లో ఏం జరుగుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆరాధన మధ్యలో తల్లులందరినీ లేచి నిలబడమంటారు. సండే స్కూలు పిల్లలు వచ్చి తలా ఒక గులాబీ ఇస్తారు. పాస్టరుగారు తిమోతి తల్లి గురించో, అగస్టీను తల్లి గురించో ప్రసంగిస్తారు. తల్లి ప్రార్థన ఎంత గొప్పదో చెబుతారు. వెనక వరసల్లో ఇద్దరు ముగ్గురు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటారు. ఆశీర్వాదం అయ్యీ కాగానే అదే తల్లులు గుడి వెనక షెడ్డులోకి వెళ్ళి ప్రేమవిందుకు వడ్డన మొదలుపెడతారు.

ఈ ఏడు ఆ ప్రసంగం రాసుకోబోయే ముందు ఈ ఉత్తరం ఒకసారి చదవమని అడుగుతున్నాను. నేను చాలా ఏళ్ళుగా సండే స్కూల్లో పాఠం చెబుతున్నదాన్ని. స్త్రీల సమాజంలో ఉన్నదాన్ని. పిల్లల విశ్వాసం ఇంట్లో ఎలా మొదలవుతుందో దగ్గర నుంచి చూస్తున్నదాన్ని. నా మనవి ఒక్కటే. పిల్లలకు దేవుణ్ణి పరిచయం చేసే భారమంతా తల్లి మీద పెట్టాం. ఆ పనికి కావలసిన వాక్యజ్ఞానం మాత్రం ఆమెకు అందకుండానే ఉండిపోయింది. ఏటేటా పొగడ్త అందుతోంది. ఎంత పొగడ్త ఉన్నా, రాత్రి పక్క మీద బిడ్డ అడిగే ప్రశ్నకు దానితో జవాబు చెప్పలేదు ఏ తల్లీ.

ఈ మాట ఊరికే అనడం లేదు. మా సండే స్కూలుకు వచ్చే ఒక పాపకు ఎనిమిదేళ్ళు. తల్లి విశ్వాసి, తండ్రి కాదు. తండ్రి చెడ్డవాడేమీ కాదు. ట్రాక్టరు తోలుతాడు, కూతురంటే ప్రాణం, భార్యను గుడికి వెళ్ళొద్దని ఏనాడూ అనలేదు. ఒక ఆదివారం పాఠం అయిపోయాక ఆ పాప అందరూ వెళ్ళేదాకా ఆగి, నా కొంగు పట్టుకుని, "టీచరుగారూ, మా నాన్న నరకానికి పోతాడా?" అని అడిగింది. అదే ప్రశ్న ఇంట్లో అమ్మను కూడా అడిగిందట. అమ్మ ఏడ్చిందట. తర్వాత ఆ తల్లిని కలిశాను. పాస్టరుగారిని అడిగానని, ప్రార్థన చేసుకోమ్మా అన్నారని చెప్పింది. ప్రార్థన ఆమె చేస్తూనే ఉంది. ఆమెకు కావలసింది బిడ్డ మొహంలోకి చూసి చెప్పగలిగే నాలుగు మాటలు. తీర్పు దేవుడిదని, ఆ దేవుడు కనికరం గలవాడని, నాన్నను ప్రేమిస్తే దేవుడికి కోపం రాదని. పౌలు కొరింథీ సంఘానికి రాసిన మొదటి పత్రిక ఏడో అధ్యాయంలో సరిగ్గా ఇలాంటి ఇంటి గురించే రాశాడు: నమ్మిన భార్య, నమ్మని భర్త, వాళ్ళ పిల్లలు. ఆ పిల్లలు దేవుడి దృష్టిలో పవిత్రులేనన్నాడు. ఆ అధ్యాయం ఉందని ఆ తల్లికి తెలియదు. పెళ్ళికి ముందు నుంచీ ఆమె మన సంఘంలోనే ఉంది.

మనం ప్రతి ఏడూ ఉదాహరణగా చూపించే తల్లుల్ని ఈసారి కొంచెం నిదానంగా చూద్దాం.

మొదట లోయి, యునీకే. తిమోతికి రాసిన రెండో పత్రికలో పౌలు ఈ ఇద్దరి పేర్లూ చెప్పి, ముందు అవ్వలో, తర్వాత తల్లిలో ఉన్న విశ్వాసమే నీలోనూ ఉందన్నాడు. తిమోతికి లేఖనాలు పసితనం నుంచే తెలుసని అదే పత్రిక మూడో అధ్యాయంలో అన్నాడు. ఇంతవరకు మన ప్రసంగాల్లో వినిపిస్తూనే ఉంటుంది. అపొస్తలుల కార్యములు పదహారో అధ్యాయంలో ఉన్న ఇంకో సంగతిని మాత్రం ఎవరూ కదపరు. తిమోతి తండ్రి గ్రీసు దేశస్థుడు. యూదు తల్లికి పుట్టిన బిడ్డ అయినా తిమోతికి సున్నతి జరగలేదు. ఎనిమిదో రోజున జరగవలసినది అతను పెద్దవాడయ్యేదాకా జరగలేదు. పౌలు వచ్చాక జరిగింది. ఎందుకు ఆగిందో బైబిలు చెప్పదు గానీ, ఆ ఇంట్లో యునీకే మాట చెల్లని చోటు ఒకటుందని నాకు అనిపిస్తుంది. మాట చెల్లిన చోట ఆమె బిడ్డకు లేఖనాలు నేర్పింది. తిమోతి ఉన్న లుస్త్ర ఊళ్ళో పౌలు చేసిన పనులు రాసిన లూకా అక్కడ సమాజమందిరం ఉన్నట్టు ఎక్కడా రాయలేదు. అంటే పిల్లవాడికి ఊళ్ళో బోధకుడు దొరికే వీలు తక్కువ. తండ్రి నేర్పే అవకాశం అసలే లేదు. మరి నేర్పిందెవరు? అవ్వకూ తల్లికీ లేఖనాలు వచ్చు కాబట్టి, వాళ్ళు నేర్పారు కాబట్టి, తిమోతి తిమోతి అయ్యాడు. మన సంఘాల్లో యునీకేలకు కొదవ లేదు. లేఖనాలు వచ్చిన యునీకేలు ఎంతమంది ఉన్నారో మీరే ఒకసారి లెక్క చూసుకోండి.

ఇక అగస్టీను తల్లి మోనికా. మన ప్రసంగాల్లో మోనికా ఏడుస్తూనే ఉంటుంది. దారి తప్పిన కొడుకు కోసం ఏళ్ళ తరబడి కన్నీళ్ళు కార్చింది, ఆ కన్నీళ్ళకు దేవుడు జవాబిచ్చాడు, అంతటితో కథ అయిపోతుంది. నిజమే, ఆమె ఏడ్చింది. ఉత్తర ఆఫ్రికాలో, ఇప్పటి అల్జీరియాలో ఉన్న తగస్తే అనే ఊరు వాళ్ళది. 354లో అగస్టీను పుట్టాడు. చదువు మీద పరాయి ఊరు వెళ్ళి మానీ మతంలో చేరి, తొమ్మిదేళ్ళు అందులోనే ఉన్నాడు. తల్లి ఒక బిషప్పు దగ్గరికి వెళ్ళి నా కొడుకుతో మాట్లాడండి అని బతిమాలింది. ఇప్పుడు మాట్లాడి లాభం లేదన్నాడాయన. ఆమె వదల్లేదు. ఇన్ని కన్నీళ్ళ బిడ్డ నశించడు, వెళ్ళు తల్లీ అని పంపేశాడు. ఈ కథ చెప్పినప్పుడల్లా తల్లులు ఏడుస్తారు, నేనూ ఏడ్చాను.

అగస్టీను తన తల్లి గురించి రాసింది ఇంతే కాదు. ఆమెకొక కల వచ్చింది. తాను ఒక కొయ్యబద్ద మీద నిలబడి ఉంది, వెలుగుతో ఉన్న యువకుడొకడు వచ్చి నువ్వు ఉన్నచోటే నీ కొడుకూ ఉన్నాడన్నాడు, చూస్తే పక్కనే కొడుకు. ఆ కల వినగానే అగస్టీను, పెద్ద వాదనాపటిమ గలవాడు గదా, దానర్థం నువ్వే ఒకనాటికి నా మతంలోకి వస్తావని, అన్నాడు. ఆమె ఒక్క క్షణం తడుముకోలేదు. నువ్వు ఉన్నచోట నేను అని కాదు, నేను ఉన్నచోట నువ్వు అని చెప్పారు నాకు, అంది. కల కంటే ఆ జవాబే తనను ఎక్కువ కదిలించిందని అగస్టీను రాసుకున్నాడు. వక్తృత్వం నేర్పి బతికే పండితుణ్ణి తల్లి ఒక్క మాటతో నిలబెట్టేసింది.

ఇంకో సంగతి. 386లో అగస్టీను మనసు మార్చుకుని, బాప్తిస్మానికి సిద్ధపడుతూ, మిలాను దగ్గర కస్సిసియాకుం అనే పల్లెలో స్నేహితులతో కొన్నాళ్ళున్నాడు. రోజూ చర్చలు. మనిషికి ఆనందమంటే ఏమిటి, లోకంలో క్రమం ఉందా లేదా, ఇలాంటివి. వాటిని పుస్తకాలుగా రాయించాడు. ఆ చర్చల్లో మోనికా కూర్చుంది, మాట్లాడింది. ఆడవాళ్ళను ఇలాంటి పుస్తకాల్లో ఎక్కిస్తారా అని ఆమే ఆశ్చర్యపడితే, పూర్వం స్త్రీలు కూడా తత్త్వవిచారం చేశారని, నీ ఆలోచన నాకెంతో ఇష్టమని కొడుకు జవాబిచ్చాడు. ఏడ్చే తల్లిని మన పల్పిట్లు చూపిస్తాయి. వాదించిన తల్లిని, పండితుల మధ్య కూర్చుని మాట్లాడిన తల్లిని కొడుకు చూపించాడు. 387 ఈస్టరు రాత్రి మిలానులో అతను బాప్తిస్మం పొందాడు. అదే ఏడు ఓస్తియా రేవులో, ఆఫ్రికా ఓడ కోసం ఎదురుచూస్తుండగా ఆమె చనిపోయింది. అప్పుడామె 56వ ఏట ఉంది.

మూడో తల్లి సుసన్నా వెస్లీ. మెథడిస్టు ఉద్యమానికి మూలపురుషులైన జాన్, చార్లెస్ వెస్లీల తల్లి. ఇంగ్లండులో ఎప్‌వర్త్ అనే పల్లెటూరి పాస్టరు భార్య. 19 మంది బిడ్డల్ని కంది, వాళ్ళలో దాదాపు సగం మంది పసితనంలోనే పోయారు. ఇల్లు అప్పుల్లో ఉండేది. 1709లో ఇల్లు తగలబడి, అయిదేళ్ళ జాన్‌ను పై కిటికీలోంచి కిందికి దించి బతికించుకున్నారు. ఇన్ని కష్టాల మధ్య ఆమె ఇంట్లోనే బడి పెట్టింది. పిల్లవాడికి అయిదేళ్ళు నిండగానే అక్షరాలు, ఆ వెంటనే ఆదికాండం మొదటి అధ్యాయం. వారంలో ఒక్కో సాయంత్రం ఒక్కో బిడ్డకు కేటాయించి, ఒంటరిగా కూర్చోబెట్టుకుని వాడి ఆత్మ సంగతి మాట్లాడేది. జాన్‌కు గురువారం. పెద్దవాడై కాలేజీకి వెళ్ళాక కూడా ఆ గురువారం సాయంత్రాల కోసం అతను తపించిపోయాడు. ఆమె పెట్టుకున్న నియమాల్లో ఒకటి నాకు కంఠతా వచ్చు: చక్కగా చదవడం వచ్చేదాకా ఏ ఆడపిల్లకూ కుట్టుపని నేర్పకూడదు. 300 ఏళ్ళ కిందటి మాట ఇది. పిల్లల పట్టుదలను చిన్నప్పుడే విరిచెయ్యాలని, బెత్తానికి భయపడి ఏడుపు కూడా మెల్లగా ఏడవాలని ఆమె పెట్టిన ఇంకో నియమం ఉంది. అది నాకు ససేమిరా మింగుడుపడదు. అయినా ఆ ఆడపిల్లల చదువు నియమం ముందు నేను తల వంచుతాను.

1711, 12 చలికాలంలో ఆమె భర్త సభల కోసం లండను వెళ్ళి నెలల తరబడి రాలేదు. గుడిలో ఆయన బదులు వచ్చిన పాస్టరు ప్రసంగంలో సారం లేదు. సుసన్నా ఆదివారం సాయంత్రం వంటింట్లో పిల్లల్ని కూర్చోబెట్టి ప్రార్థన చేసి, ఒక మంచి ప్రసంగం చదివి వినిపించేది. పనిమనుషులు వచ్చారు. వాళ్ళ వాళ్ళు వచ్చారు. ఇరుగుపొరుగు వచ్చారు. చివరికి 200 మంది దాకా ఇంట్లో పట్టక నిలబడి వినేవాళ్ళట. గుడిలో ఉన్న పాస్టరుకు కోపం వచ్చి, మీ భార్య మీటింగులు పెడుతోందని ఆమె భర్తకు ఉత్తరం రాశాడు. భర్త ఆపమన్నట్టు రాశాడు. సుసన్నా తిరుగు ఉత్తరం రాసింది. ఆపడం మీకు ఇష్టమని ఊరికే చెప్పకండి, ఆపమని సూటిగా ఆజ్ఞ ఇవ్వండి, తీర్పు రోజున ఈ ఆత్మల లెక్క నన్ను అడగకుండా ఉండేలా ఆజ్ఞ ఇవ్వండి, అని ఆ ఉత్తరం సారాంశం. ఆయన ఆపలేదు. జాన్‌కు అప్పటికి ఎనిమిదేళ్ళు, చార్లెస్‌కు నాలుగు. ఇద్దరూ ఆ వంటింట్లోనే ఉన్నారు. తర్వాత జాన్ వెస్లీ పొలాల్లో, గని కార్మికుల మధ్య ప్రసంగించడానికి వెనకాడలేదంటే నాకేమీ ఆశ్చర్యం లేదు. గుడి గోడల బయట వాక్యం చెప్పవచ్చునని వాడు ఎనిమిదేళ్ళప్పుడే చూశాడు.

ఇక మన నేల మీదికి వద్దాం. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండెక్కి ప్రార్థించిన అయిదుగురి సంగతి మీ అందరికీ తెలుసు. అమెరికాలో బాప్టిస్టులు తెలుగు మిషనును మూసేద్దామా అని ఆలోచిస్తున్న రోజులవి. ఆ అయిదుగురిలో మిషనరీ జ్యూయెట్ దొర పేరు మనకు నోట్లో ఉంటుంది. మిగతా నలుగురిలో ముగ్గురు స్త్రీలు: దొరసాని, రూత్, జూలియా. 1878 జూలై 3న, ధాత నామ సంవత్సరపు కరువు వెంటనే, గుండ్లకమ్మ ఒడ్డున మిషనరీ క్లౌ దొర సంఘం ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది. ఒక్కరోజులో బాప్తిస్మం ఇవ్వవచ్చు గానీ ఒక్కరోజులో విశ్వాసం నేర్పలేరు గదా. పల్లెపల్లెకూ నడిచి, మాలపల్లెల్లో మాదిగపల్లెల్లో అరుగుల మీద కూర్చుని, అక్షరం రాని తల్లులకు పాటల్లో, కంఠత వాక్యాల్లో బైబిలు నేర్పినవాళ్ళు బైబిలు స్త్రీలు. బాప్టిస్టులకు, లూథరన్లకు, ఆంగ్లికన్లకు అందరికీ బైబిలు స్త్రీలుండేవాళ్ళు. ఆ తల్లులు తమ పిల్లలకు నేర్పారు. 1912లో డోర్నకల్‌కు బిషప్పుగా వచ్చిన వి. ఎస్. అజరయ్య గారి పేరులోని మొదటి భాగం వేదనాయగం, రెండోది సామ్యూలు. కొడుకు కోసం హన్నాలా ప్రార్థించి కన్నది కాబట్టి తల్లి ఎలెన్ సామ్యూలు అన్న పేరు పెట్టుకుంది. ఆయన భార్య అన్బు ఆ ఊళ్ళల్లో స్త్రీల మధ్య పని చేసింది. 2013లో నంద్యాల డయోసీసుకు ఎగ్గోని పుష్పలలిత గారు బిషప్పయ్యారు. దక్షిణ ఇండియా సంఘంలో మొదటి స్త్రీ బిషప్పు మన తెలుగామె. ఇదంతా మన వంశవృక్షం. బైబిలు స్త్రీల పోస్టులు ఎప్పుడు ఎలా తగ్గిపోయాయో గానీ, మా వైపు మాత్రం ఆ మాట ఇప్పుడు ముసలివాళ్ళ నోటే వినిపిస్తుంది.

మా అమ్మకు బైబిలు స్త్రీ దగ్గరే చదువు. వంటకు బియ్యం కొలిచాక, ఎసట్లో పోసే ముందు, ఒక పిడికెడు తీసి గోడవారనున్న చిన్న కుండలో వేసేది. దేవుడి బియ్యం. ఆదివారం అది గుడికి వెళ్ళేది. వేసేటప్పుడు ఒక వాక్యం చెప్పి మా చేత చెప్పించేది, అందుకని వంట పూట మేం పొయ్యి దగ్గరే తచ్చాడేవాళ్ళం. కూలి దొరకని రోజులుండేవి. ఆ రోజుల్లో నన్ను పిలిచి, "నీ చెయ్యి చిన్నది, నువ్వు తియ్యవే" అనేది. నేను పిడికిలి నిండా తీసి వేసేదాన్ని. కానుక అంటే ఏమిటో, కరువులో కూడా దేవుడి వాటా ఎందుకు ఆగదో, కడుపు మాడకుండా కూడా ఎలా ఇవ్వవచ్చో నాకు ఆ కుండ దగ్గరే తెలిసింది. దాని మీద ప్రసంగాలు తర్వాత చాలా విన్నాను.

తల్లి ప్రభావమంటే నాకు తెలిసినంతలో ఇదే. బిడ్డ వినేదాని కంటే చూసేది ఎక్కువ. చూసినదానికి పేరు పెట్టి చెప్పగలిగితే ఆ చూసినది నిలుస్తుంది. మా అమ్మ రెండూ చెయ్యగలిగింది, ఎందుకంటే ఎవరో ఒకామె ఎండలో నడిచి వచ్చి ఆమెకు నేర్పింది.

ఇప్పుడు మా పశ్చిమ గోదావరిలో చాలా ఇళ్ళల్లో తల్లులే లేరు. నరసాపురం, పాలకొల్లు, ఆచంట చుట్టుపక్కల ఏ పేటకు వెళ్ళినా కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళిన ఆడవాళ్ళున్న ఇల్లు తగులుతుంది. మా క్లాసులో ఒక పిల్లవాడు కంఠత వాక్యం ఎప్పుడూ తప్పకుండా చెబుతాడు. ఎవరు నేర్పుతున్నారురా అంటే, మా అమ్మ, వాట్సాప్‌లో, అన్నాడు. పని అంతా అయ్యాక, యజమానులు పడుకున్నాక, ఆమె వాక్యాన్ని నిదానంగా రెండుసార్లు చెప్పి రికార్డు చేసి పంపుతుంది. ఇక్కడ అర్ధరాత్రి దాటి ఉంటుంది. పొద్దున్నే బడికి తయారవుతూ వాడు వింటాడు. ఫోను నాయనమ్మ చేతిలో ఉంటుంది. ఆవిడకు చదువు రాదు. వాడు తప్పు చెబితే మాత్రం ఆవిడకు తెలిసిపోతుంది, ఎందుకంటే వినీ వినీ ఆవిడకూ వచ్చేసింది. ఏడాదికోసారి వచ్చే కార్టన్లో బట్టలు పంపే ముందు, వాణ్ణి గోడకు నిలబెట్టి కొలిచి ఎత్తు ఎంతో చెప్పమంటుందట ఆ తల్లి. సమూయేలును షిలోహులో విడిచిపెట్టి వచ్చిన హన్నా ఏటేటా చిన్న అంగీ కుట్టి తీసుకెళ్ళేదని మొదటి సమూయేలు రెండో అధ్యాయంలో ఉంది. వాడు ఈ ఏడు ఎంత పెరిగి ఉంటాడో ఆమె కూడా అంచనా కట్టుకునే కుట్టి ఉంటుంది. ఇలాంటి తల్లి కోసం, ఆ నాయనమ్మ కోసం మన సంఘం ఏం చేసింది? పేరు చదివి ప్రార్థన చేస్తాం. కువైట్ నుంచి కానుక వస్తే రసీదు ఇస్తాం. ఆమె రికార్డు చేసి పంపడానికి పనికొచ్చే పాఠం ఒక్కటి తయారు చేసి ఇవ్వలేదు.

ఇంకో మాట, ఇది చెప్పడం నాకు కష్టంగా ఉన్నా చెప్పాలి. బిడ్డ దారి తప్పితే మనం తల్లినే అంటాం. కొడుకు తాగుడికి మరిగినా, కూతురు నచ్చినవాణ్ణి చేసుకుని వెళ్ళిపోయినా, పట్నంలో ఉద్యోగం వచ్చాక పిల్లలు గుడికి రావడం మానేసినా, తల్లి ప్రార్థనలో బలం లేదు అంటాం. ఉపవాస కూటాల్లో ఇలాంటి మాట పైకి వినేలా అనగా నేను విన్నాను. ఆ మాట పడిన తల్లి మరుసటి వారం నుంచి కూటానికి రాలేదు. మోనికా కొడుకు తొమ్మిదేళ్ళు దూరంగా ఉన్నాడు, ఆ తొమ్మిదేళ్ళలో ఆమె ప్రార్థనలో లోపమేమీ లేదు. సుసన్నా వంటింట్లో అదే పాఠం విన్న కూతురు హెట్టీ, ఎనిమిదేళ్ళకే గ్రీకు చదివిన పిల్ల, యవ్వనంలో ఒకడితో వెళ్ళి మోసపోయి తిరిగొచ్చింది. సరిపడని పెళ్ళిలోకి ఆమెను నెట్టారు. తండ్రి, ఊరికి పాస్టరు, ఆమెను దగ్గరికి తియ్యలేదు. హన్నా కన్న సమూయేలు మహాప్రవక్త. ఆ సమూయేలు కొడుకులు లంచాలు మెక్కారని బైబిలే రాసింది. ఆ తప్పు ఏ తల్లిదని లెక్క వేస్తాం? విత్తనం వేసిన చెయ్యి తల్లిది. అది ఎప్పుడు మొలుస్తుందో తేల్చే అధికారం మనకు లేదు.

తండ్రుల మాట కూడా ఒకటి. పిల్లల ఆత్మీయ సంగతి అనగానే మీరు తల్లుల వైపే చూస్తారు. ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయంలో, ఇంట్లో కూర్చున్నప్పుడూ దారిన నడిచేటప్పుడూ పిల్లలకు నేర్పమన్న ఆజ్ఞ ఇశ్రాయేలు అంతటికీ ఇచ్చినది. సంఘ కమిటీలో కూర్చునే మగవాళ్ళలో ఎంతమంది రాత్రిపూట తమ పిల్లల పక్కన మోకరిస్తారో అడగండి. జవాబు మీకూ వాళ్ళకూ మధ్యనే ఉండనివ్వండి.

ఇవన్నీ చూసి నేను అడిగేది పెద్దదేమీ కాదు. స్త్రీల సమాజాన్ని వంటకూ, గుడి అలంకరణకూ, చందాల వసూలుకూ మాత్రమే పరిమితం చెయ్యకండి. వారానికి ఒకసారి, గంటసేపు, సంఘ పెద్దలకు శిక్షణ ఇచ్చేటంత శ్రద్ధగా తల్లులకు బైబిలు నేర్పించండి. పిల్లలు నిజంగా అడిగే ప్రశ్నల దగ్గర నుంచి మొదలుపెట్టండి: చనిపోయిన తమ్ముడు ఎక్కడున్నాడు, పక్కింటి వాళ్ళ పండగకు పెట్టిన ప్రసాదం తినవచ్చా, నాన్న గుడికి ఎందుకు రాడు, ప్రార్థన చేసినా తాతయ్య ఎందుకు బాగవలేదు. చదువు రానివాళ్ళకు చదువు చెప్పించండి, అంతవరకు ఆగకుండా విని నేర్చుకునే పాఠాలు ఫోన్లోకి పంపండి. కువైట్‌లో ఉన్నవాళ్ళకూ అవే అందుతాయి. చదువుకున్న ఆడపిల్లలు, టీచర్లు, నర్సులు ప్రతి సంఘంలో ఉన్నారు. వాళ్ళలో ఇద్దర్ని సెమినరీకి పంపి, బైబిలు స్త్రీ ఉద్యోగాన్ని జీతంతో తిరిగి పెట్టండి. సౌండ్ సిస్టం కోసం చందాలు ఎత్తగలిగిన సంఘం ఈ జీతం ఇవ్వలేదంటే నేను నమ్మను. ఇప్పటికే ఇలాంటివి చేస్తున్న సంఘాలు అక్కడక్కడా ఉన్నాయి, వాళ్ళకు నా నమస్కారం. మిగతా సంఘాలు వాళ్ళను చూసి నేర్చుకోవాలి.

మదర్స్ డే అసలెలా మొదలైందో మీకు గుర్తు చెయ్యాలి. 1908 మే 10న అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రం, గ్రాఫ్టన్ ఊళ్ళో, ఒక మెథడిస్టు చర్చిలో జరిగిన ఆరాధన అది. ఆనా జార్విస్ అనే ఆమె తన తల్లి జ్ఞాపకంగా జరిపించింది. తల్లికి ఇష్టమైన తెల్లని కార్నేషన్ పువ్వులు 500 పంపింది. పువ్వులిచ్చే ఆచారం ఇలా వచ్చింది. ఆ తల్లి ఆన్ జార్విస్ 20 ఏళ్ళకు పైగా ఆ చర్చిలోనే సండే స్కూలు నడిపింది. కన్న బిడ్డల్లో ఎక్కువమందిని పోగొట్టుకుని, ఇంకో తల్లికి ఆ దుఃఖం రాకూడదని చుట్టుపక్కల ఊళ్ళ తల్లుల్ని కూడగట్టి, ఇళ్ళ శుభ్రత, రోగుల సేవ చూసే సంఘాలు పెట్టింది. అంతర్యుద్ధంలో ఆ స్త్రీలు రెండు వైపుల సైనికులకూ సేవ చేశారు. బోధించిన స్త్రీ కోసం, సంఘాలు కట్టిన స్త్రీ కోసం పుట్టిన పండుగ ఇది. ఆ రోజున మనం స్త్రీలను లేపి, పువ్వు ఇచ్చి, కూర్చోబెడుతున్నాం. ఈ ఏడు ఆ ఆదివారం వాక్యం చెప్పడానికి మీ సంఘంలోని ఒక తల్లిని పిలవండి. చదువుకున్నామెనే పిలవాలని లేదు. ఒక నెల ముందు చెప్పండి, కావలసిన పుస్తకాలివ్వండి, పక్కన కూర్చుని సాయం చెయ్యండి. ఆ రోజు వడ్డన మగవాళ్ళు చూసుకుంటారు.

కమిటీ మీటింగు ఏప్రిల్‌లో ఉంటుంది గదా. ఎజెండాలో ఈ విషయం చేర్చండి. మా పేటలో దాళ్వా కోతలు ఆ నెలాఖరుకు అయిపోతాయి, తల్లులకు మధ్యాహ్నం మూడు తర్వాత వీలుంటుంది. గుడి పక్క గది, ఒక బోర్డు, ఫ్యాను ఉంటే చాలు. మొదటి పాఠం కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఏడో అధ్యాయం మీద పెట్టండి. మీటింగుకు పిలిస్తే స్త్రీల సమాజం తరఫున ఇద్దరం వస్తాం.

ప్రభువునందు,
ఒక సండే స్కూలు టీచరు,
పశ్చిమ గోదావరి జిల్లా